మూడోసారి తట్టినప్పుడు

ముఖానికి పూసుకున్న ఆ పసుపు రంగు సబ్బుకి పోదు. పంది కొవ్వు పట్టించి, అది ఒంటివేడికి కరిగేదాకా ఆగి, పాత బనీను గుడ్డతో తుడవాలి. ఈ సంగతి మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎంత తుడిచినా చెవుల వెనకా, మెడ మడతల్లోనూ మిగిలే ఉంటుంది. పండగ అయిపోయి, ఈస్టరు ముందటి ఉపవాసాలు మొదలయ్యాక చర్చిలో ముందు బెంచీవాళ్ళ చెవుల వెనక చూస్తే చాలు, పండగలో ఎవరెంత ఎగిరారో చెప్పేయొచ్చు.

నేను చెబుతున్నది మా బొత్తాల ఫ్యాక్టరీ మూతపడిన ఏడాది చలికాలం గురించి. మా ఆయన ఒట్మార్‌ని చైనా చక్రవర్తిని చేసింది కూడా ఆ ఏడాదే.

బవేరియాలో ఇంత చిన్న ఊరికి చైనా చక్రవర్తి ఏమిటని మాలో ఎవరూ అడగరు. ఎప్పుడో బిషప్పు పంపిన సుంకాల అధికారి వస్తే మా పూర్వీకులు కోటతలుపు మూసి అడ్డగడియ వేశారట. వాడు తిరిగెళ్ళి, ఆ ఊరివాళ్ళు చైనావాళ్ళలాగా గోడ వెనక దాక్కున్నారు ప్రభూ అని ఏడ్చాడట. అప్పట్నుంచీ మేం చైనావాళ్ళం. పండగ గురువారం వచ్చిందంటే ఊరంతా పట్టు అంగీలు, నల్ల నూలు జడలు, పసుపు మొహాలు. సుంకాల అధికారి వేషగాడు బయటినుంచి తలుపు తడతాడు. ఎవడ్రా అని గోడమీంచి చక్రవర్తి అడుగుతాడు. వాడు రెండోసారి తడతాడు. "ఇది చైనా, నీ బిషప్పు ఎవడో మాకు తెలీదు ఫో" అంటాడు చక్రవర్తి. వెంటనే బాల్చీడు నీళ్ళు వాడి నెత్తిన పడతాయి. వాడు పరిగెడతాడు, డోళ్ళు మోగుతాయి, ఊరేగింపు కదులుతుంది. మూడోసారి తట్టడమనేది మా ఆచారంలో లేదు.

చక్రవర్తి ఎప్పుడూ మందుల షాపు ఆయనో, బ్యాంకు ఆయనో అయ్యేవాడు. ఫ్యాక్టరీలో బొత్తాలు కొట్టే ప్రెస్సు నడిపే ఫిట్టరుని ఎన్నుకోవడం అదే మొదలు. నాకు వెంటనే ఏదో మతలబు వాసన వచ్చింది. ఈస్టరుకి ఫ్యాక్టరీ మూసేస్తారని అందరికీ తెలుసు. యజమాని లోడెరర్ ప్రెస్సులన్నిటినీ చైనాలో ఒక కంపెనీకి అమ్మేశాడు. పండగకి తిండీ బీరూ పెట్టేదీ ఆయనే. రోడ్డున పడబోయేవాళ్ళలో ఒకణ్ణి ఊరేగింపు బండెక్కించి నెత్తిన కిరీటం పెడితే మిగతావాళ్ళు నోరు మూసుకుంటారని లెక్క.

"నిన్ను కొనేస్తున్నారయ్యా. అదీ అట్టముక్క కిరీటానికి," అన్నాను.

"నీకు అన్నిట్లోనూ కుట్రే కనబడుతుందే ఆఫ్రా. ఒక్క పండగన్నా పండగలా ఉండనీ."

మా అత్త థెక్లా అప్పటికే ఏడుస్తూ పెట్టెలోంచి పట్టుగుడ్డ తీస్తోంది. మా మామ చచ్చేదాకా ఆ ఊరేగింపులో డోలు కొట్టాడు. చక్రవర్తి బండి వెనకే నడిచాడు గానీ ఏనాడూ దాని మీద చెయ్యి వెయ్యలేదు. "మీ నాన్న ఉండుంటే," అంటూ ఆవిడ ఆ గుడ్డ కొడుకు భుజాన వేసి చూసుకుంది. నేను నోరు మూసుకుని కొలతలు తీసుకున్నాను. నేను కార్మిక సంఘంలో పనిచేసే మనిషిని, సభల్లో బల్లలు గుద్ది మాట్లాడే మనిషిని. ఇంట్లో కూర్చుని చక్రవర్తి అంగీకి బొత్తాలు కుట్టాను.

జనవరిలో చైనా నుంచి నలుగురు ఫిట్టర్లు వచ్చారు, ప్రెస్సులు విప్పి పెట్టెల్లో సర్ది పంపడానికి. ఊరి గోడ బయట, ఫ్యాక్టరీ వెనకున్న పాత హాస్టల్లో దించారు వాళ్ళని. వాళ్ళలో పెద్దాయన గావో, యాభై దాటిన మనిషి. రెండు భాషలూ తెలిసిన మనిషిగా రేగెన్స్‌బుర్గ్ పట్నం నుంచి షెన్ అనే చైనా ఆవిడని పెట్టారు. ఇక్కడివాణ్ణే పెళ్ళి చేసుకుని ఇక్కడే పిల్లల్ని కని పెంచిన మనిషి. మా యాస మాకంటే మొరటుగా మాట్లాడేది. మొదటిరోజే, ఒట్మార్‌తో కలిసి పనిచేసే కాస్పర్ క్యాంటీన్లో ఆవిణ్ణి చూసి కళ్ళు చికిలిస్తూ, "చింగ్ చాంగ్" అన్నాడు. ఆవిడ ట్రే కింద పెట్టి, "ఏరా, పళ్ళు కట్టించుకోడానికి డబ్బుల్లేవా? మాట సరిగ్గా రావట్లేదు," అంది. క్యాంటీనంతా బల్లలు చరిచి నవ్వారు. కాస్పర్ కూడా నవ్వాడు. కానీ అది మర్చిపోయే రకం కాదు వాడు.

ఏడో నంబరు ప్రెస్సు ఒట్మార్‌ది. మా పెళ్ళికి ముందునుంచీ దాని మీదే ఉన్నాడు. దాన్ని విప్పే రోజున మా ఆయన పొద్దున్నే రెండు గ్లాసులు వేసుకుని వెళ్ళాడు, గొడవ పెట్టుకుందామనే. గావో ఆ ప్రెస్సు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడట. మా ఆయన రాగానే రెంచి తీసి చేతిలో పెట్టి ఒక పక్కకి జరిగాడట.

"ఏంటంటాడు?" అని ఒట్మార్ అడిగితే షెన్ చెప్పింది: "మొదటి బోల్టు నువ్వే విప్పాలంటాడు. నడిపిన మనిషి ఎదురుగా ఉండగా తను ముందు చెయ్యి వెయ్యడట."

ఒట్మార్ ఆ బోల్టు విప్పాడు. తర్వాత ఇద్దరూ కలిసి విప్పారు. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కోకుండా కూర్చుని, "వాడూ ఫిట్టరేనే," అన్నాడు. అదేదో కొత్త సంగతి కనిపెట్టినట్టు.

ఆ ఆదివారం గావోనీ షెన్‌నీ భోజనానికి పిలిచాడు. కాల్చిన పంది మాంసం, బంగాళాదుంప ఉండలు, పులియబెట్టిన క్యాబేజీ. గావో ఉండని కత్తితో కొయ్యబోతే మా అత్త చేతిమీద ఒక్కటి వేసింది, ఉండని చీల్చాలిగానీ కొయ్యకూడదని. ఆయన భయపడ్డట్టు నటిస్తే ఆవిడ సిగ్గుపడి ఇంకో రెండు వడ్డించింది. తిన్నాక ఆయన గోడకి వేలాడుతున్న పట్టు అంగీని చూశాడు. ఇదెవరిది అని వేలు చూపించాడు.

ఒట్మార్ లేచి నిలబడి ఛాతీ విరుచుకుని, "నాదే! చైనా చక్రవర్తిని నేను!" అన్నాడు.

షెన్ ఆ మాట చెప్పగానే గావో కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. నవ్వి నవ్వి ఏదో అన్నాడు.

"మేం వాణ్ణి దింపేసి చాలా కాలమైంది, మీరింకా మోస్తున్నారా అంటాడు," అంది షెన్.

ఆ మాటకి నేను గావోని ముద్దు పెట్టుకునేదాన్నే. బల్ల అవతల ఉండి బతికిపోయాడు. నాకు ఆ ఆలోచన వచ్చింది అప్పుడే. ఈ ఏడాది సుంకాల అధికారి వేషం గావో వేస్తాడు. నీళ్ళు పొయ్యరు. రెండుసార్లు తట్టాక మూడోసారి తడతాడు. చక్రవర్తి గోడమీంచి, "తెరవండి, వీడు మనవాడు," అంటాడు. కింద అడ్డగడియ దగ్గరుండే ఆడవాళ్ళలో నేనూ ఉంటాను, తీస్తాం. ఆయన లోపలికొచ్చి బండి మీద ఒట్మార్ పక్కన కూర్చుంటాడు. లోడెరర్ ఎదురుగానే, ఊరందరి ముందే, ఇద్దరు ఫిట్టర్లు ఒకే బండి మీద. నా ఉపన్యాసాలన్నీ ఒక పక్క, ఆ ఒక్క దృశ్యం ఒక పక్క అనుకున్నాను.

చెప్పగానే, "బాగుందే," అన్నాడు ఒట్మార్. నిజంగానే మొహం వెలిగిపోయింది. "ఇప్పటిదాకా ఏ చక్రవర్తీ తలుపు తెరిపించలేదు. నేను తెరిపిస్తా."

గావోకి చెబితే ఆయన కాసేపు ఆలోచించి, తను కొత్త చొక్కా తెచ్చుకోలేదే, కోటు ఒక్కటే ఉంది, పరవాలేదా అని అడిగించాడు.

షెన్ మాత్రం నన్ను గిన్నెలు తోమే చోట పట్టుకుంది. "చూడమ్మా ఆఫ్రా, నువ్వు మంచిదానివే. కానీ నేను ఈ దేశంలో చాలా తలుపుల ముందు నిలబడ్డా. నీ మొగుడు తెరుస్తాడా?"

"మాటిచ్చాడు కదా."

"అది విన్నాలే. తెరుస్తాడా అని అడుగుతున్నా."

"తెరుస్తాడు," అన్నాను.

పండగ కమిటీ ఎగిరి గంతేసింది. చైనా కోట ముందు నిజమైన చైనావాడు! ఇంతకంటే తమాషా ఏముంటుంది? మూడోసారి తట్టే సంగతి మేం వాళ్ళకి చెప్పలేదు. నాలుగు వారాలు, ప్రతి ఆదివారం, మా వంటింటి తలుపు అవతల నిలబడి గావో తట్టడం నేర్చుకున్నాడు. ఆయన చెప్పాల్సింది ఒక్కటే మాట, మా యాసలో: "తలుపు తియ్యండ్రా!" ఆ చివరి దీర్ఘం ఆయన నోట అచ్చం మా అత్త గొంతులా పలికేది. మూడోసారి తట్టగానే ఒట్మార్ లోపలినుంచి "తెరవండి!" అని అరిచి తనే తలుపు తీసేవాడు. ఇద్దరూ కౌగిలించుకునేవారు. మా అత్త పళ్ళ జామ్ నింపిన బూరెలు పెట్టేది. ఆ నాలుగు ఆదివారాలూ మా ఇంట్లో ఎప్పుడూ లేనంత నవ్వు.

ఇలాంటి సంగతి దాగదు. మా అత్తే పొరుగావిడతో అనేసింది. ఆ సాయంత్రానికల్లా బీరు హోటల్లో అందరికీ తెలిసిపోయింది.

కాస్పర్ మా ఇంటికే వచ్చాడు. టోపీ తియ్యకుండా గుమ్మంలో నిలబడ్డాడు. "ఏంరా ఒట్మార్, చక్రవర్తివి అవగానే పెద్ద మనసు వచ్చేసిందట? మా నోటికాడి కూడు పట్టుకుపోయేవాడికి తలుపు తీసి దండ వేస్తావంట?"

"కూడు పట్టుకుపోయింది గావో కాదు కాస్పర్," అన్నాను నేను. "అమ్మినవాడు లోడెరర్. వెళ్ళి వాడి గుమ్మంలో నిలబడు, టోపీ పెట్టుకునే."

"నేను నీతో మాట్లాడట్లేదు వదినా. నీ మాటలు సంఘంలో వింటూనే ఉన్నాం. నేను వీడితో మాట్లాడుతున్నా. మనం కలిసి పనిచేశాం కదరా. రేపు ఈస్టరు తర్వాత ఈ ఊళ్ళో నీకు మేం కావాలా, వాడు కావాలా?"

ఒట్మార్ బల్ల మీద బూరె ముక్కని వేలితో అటూ ఇటూ నెట్టాడు.

లోడెరర్ కూడా ఒకమాటు దారిలో ఆపాడట. బెదిరించలేదు. భుజం మీద చెయ్యి వేసి, "ఆచారాన్ని ఆచారంలా ఉంచుదాం ఒట్మార్, జనం సరదా పడాలి, అంతే," అన్నాడట. అది చెబుతున్నప్పుడు మా ఆయన ఆ చెయ్యి పడ్డ భుజాన్ని రెండోచేత్తో తడుముకుంటున్నాడు. మా అత్త అయితే రాత్రి భోజనాల దగ్గర ప్లేటు తోసేసి, "మీ నాన్న డోలు కొట్టుకుంటూనే పోయాడు. నువ్వు ఎక్కిన బండి మీంచి నీ అంతట నువ్వే దూకకురా," అంది. గావోకి అదనంగా ఉండలు వడ్డించిన మనిషే ఆవిడ.

పండగ గురువారం తెల్లవారుజామున డోళ్ళు, ఈలలు, సత్తు గిన్నెల మోతతో ఊరు లేచింది. ఒట్మార్ అద్దం ముందు కూర్చున్నాడు. మా అత్త పసుపు రంగు పూసింది, కళ్ళ చివర నల్లగీతలు పైకి లాగింది, సన్నటి మీసాలు అంటించింది. నేను అంగీ తొడిగి బొత్తాలు పెట్టాను. పైనుంచి కిందికి, మా ఫ్యాక్టరీలో ఆఖర్న వచ్చిన ముత్యపు చిప్ప బొత్తాలు.

"తెరుస్తావు కదా?" అన్నాను.

"తెరుస్తానన్నా కదే. ఎన్నిసార్లు అడుగుతావు?"

అతని కళ్ళు అద్దంలోనే ఉన్నాయి. నా వైపు తిరగలేదు.

బయట మంచు గడ్డకట్టి ఉంది. కోటతలుపు లోపల జనం కిక్కిరిసిపోయారు. ఎటు చూసినా పసుపు మొహాలు, గొడుగు టోపీలు, వీపుల మీద నూలు జడలు. లోడెరర్ మంత్రి వేషంలో అలంకరించిన బండి మీద కూర్చుని పిల్లలకి మిఠాయిలు విసురుతున్నాడు. అమ్మినవాడు బండి మీద ఉన్నాడు, బోల్టులు విప్పేవాడు షెన్‌తో పాటు గోడ బయట. ఇంకో పది నిమిషాల్లో ఇది తిరగబడుతుంది అనుకుంటూ నేను అడ్డగడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఇనుము చలికి అరచేతికి అతుక్కుంటోంది. పైన గోడ మీద ఒట్మార్, అతని పక్కన బాల్చీ పట్టుకుని కాస్పర్. ఆ బాల్చీ అక్కడ ఉండకూడదు. ఖాళీ బాల్చీయేమో, చూపడానికేమో అనుకున్నాను. మనిషి తనకి కావలసింది ఎంత తేలిగ్గా అనుకుంటుందో.

మొదటిసారి తట్టాడు. చెక్క అవతల గట్టిగా, ఫిట్టరు చెయ్యి.

"ఎవడ్రా?" అన్నాడు ఒట్మార్.

"తలుపు తియ్యండ్రా!"

జనం పొట్టలు పట్టుకున్నారు. మా యాస, అంత బాగా! "మళ్ళీ! మళ్ళీ!" అని అరిచారు. ఆయన రెండోసారి తట్టాడు. "తలుపు తియ్యండ్రా!"

పైనుంచి ఒట్మార్ గొంతు వచ్చింది. వంటింటి గొంతు కాదు, ప్రతి ఏడాదీ మేం వినే చక్రవర్తి గొంతే.

"ఇది చైనా! నీ బిషప్పు ఎవడో మాకు తెలీదు ఫో!"

ఈ మాట మా ఆటలోనూ ఉంది. అందుకే నేను గడియ మీంచి చెయ్యి తియ్యలేదు. అప్పుడు నీళ్ళు పడిన చప్పుడు వినిపించింది. బాల్చీ ఖాళీది కాదు.

ఊరంతా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోంచి, అవతలివైపు, చెక్క మీద మూడోసారి తట్టారు.

అది నాకు ఒక్కదానికే వినబడిందేమో తెలీదు. ఆయన పరిగెత్తలేదు. నీళ్ళు కూడా ఆటలో భాగమే, చివరి నిమిషంలో చేర్చారు అనుకుని ఉంటాడు. ఆదివారాలు నేర్పిన వరస ప్రకారం మూడోసారి తట్టి, పళ్ళు కొట్టుకుంటుంటే, "తలుపు తియ్యండ్రా," అన్నాడు. దీర్ఘం సరిగ్గా రాలేదు.

నేను పైకి చూశాను. ఒట్మార్ ఆజ్ఞ కోసం చూశాను. ఎవడి ఆజ్ఞ కోసమూ ఆగకండి, మీ చేతులు మీవే అని ఎన్ని సభల్లో చెప్పానో! గడియ నా చేతి కిందే ఉంది. ఒట్మార్ కాస్పర్ వైపు చూస్తున్నాడు. కాస్పర్ డోళ్ళవాళ్ళకి చెయ్యి ఊపాడు. డోళ్ళు మొదలయ్యాయి.

నాకు బుద్ధి వచ్చి, పెద్దతలుపులో ఉన్న చిన్న దిడ్డి తలుపు తీసేసరికి తలుపు ముందు తడి మాత్రమే ఉంది, అప్పుడే అంచులు గడ్డకడుతోంది. గావో, షెన్ హాస్టల్ దారిలో నడుస్తున్నారు. ఆయనకున్న ఆ ఒక్క కోటు వీపుకి అతుక్కుపోయింది. షెన్ తన శాలువా తీసి ఆయన తలమీద కప్పుతోంది. నేను ఏదో అరిచాను. షెన్ వెనక్కి తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మూసెయ్యమ్మా," అంది. "చలి లోపలికొస్తుంది."

సాయంత్రం మా అత్త కొవ్వు రాసి కొడుకు మొహం తుడిచింది. నేను గుడ్డ ముట్టుకోలేదు.

"నోట్లోంచి అలవాటుగా వచ్చేసిందే," అన్నాడు ఒట్మార్.

"తర్వాతి మాట రాలేదేం?"

"అందరూ చూస్తున్నారు."

"గావో చూడలేదు. గావో నీ మాట వింటూ నిలబడ్డాడు."

మా అత్త గుడ్డని మడిచింది. ఆదివారం ఊరేగింపులోనూ, మంగళవారం ఊరేగింపులోనూ చక్రవర్తి ఉండాలి. ఉన్నాడు. రెండుసార్లూ పసుపు పూయించుకుని, బండెక్కి చెయ్యి ఊపాడు. నేను ఇంట్లో కూర్చున్నానని చెప్పుకుంటే మీకు నేను గొప్పగా కనబడతానేమో. బొత్తాలు పెట్టింది రెండుసార్లూ నేనే.

మధ్యలో సోమవారం ఫ్యాక్టరీలో గావో దగ్గుతూ పెట్టెలకి మేకులు కొడుతున్నాడట. ఒట్మార్ ఎదురైతే తల ఊపి, మళ్ళీ పనిలో పడ్డాడట. కోపంగా చూసుంటే ఏదో ఒకటి అనేవాణ్ణి అన్నాడు మా ఆయన. షెన్ అయితే నీళ్ళు పోసిన రోజునుంచే పనికి రావడం మానేసింది.

ఉపవాసాలు మొదలయ్యే బూడిద బుధవారం నాడు చర్చిలో ఫాదరు ఒట్మార్ నుదుటిమీద బూడిద పెట్టాడు. అక్కడ జుట్టు మొదట్లో పసుపు ఇంకా ఉంది. బూడిద దానికి అంటి ఆకుపచ్చగా కనబడింది. బయటికి వచ్చాక అతను ఇంటివైపు తిరగలేదు. కోటతలుపు దాటి హాస్టల్ దారి పట్టాడు. నేను వెనకే నడిచాను. దారంతా నేను ఒక ప్రసంగం సిద్ధం చేసుకున్నాను. యజమానులు, కార్మికులు, మనల్ని మనమీదే ఉసిగొల్పడం. మంచి ప్రసంగమే.

గావో గది ముందు ఒట్మార్ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత తట్టాడు, ఒక్కసారి, మెల్లగా.

చెయ్యి కిందికి దించేలోపే తలుపు తెరుచుకుంది.

గావో మా ఇద్దరినీ చూశాడు. పక్కకి జరిగాడు. గదిలో ఒకటే కుర్చీ, అది నాకు వేశాడు. ఒట్మార్‌ని మంచం మీద కూర్చోమని చేత్తో చూపించాడు. ఆ కోటు ఇంకా హీటరు మీదే ఉంది. చలి కాచుకుంటున్నట్టు దాని చేతులు రెండూ ముందుకు చాపి ఉన్నాయి. కెటిల్‌లో నీళ్ళు మరుగుతున్నాయి. మాకు తాగడానికి రెండు కప్పుల్లో వేడినీళ్ళు పోసి ఇచ్చాడు. మూడో కప్పు లేదు. గావోకి వచ్చిన మా మాట ఒక్కటే, దాన్ని నేర్పింది మేమే. ఇప్పుడు ఏ మాటతో మొదలుపెట్టాలి?

గావో అతని మొహం వైపు చూశాడు, తర్వాత చెవి వైపు. లేచి, కొక్కేనికి ఉన్న తెల్ల తువ్వాలు తీసి, దాని కొస మీద వేడినీళ్ళు పోసి, పిండి, ఒట్మార్ చేతిలో పెట్టాడు. తన చెవి వెనక వేలితో రుద్ది చూపించాడు: ఇక్కడ, ఇంకా ఉంది.

ఒట్మార్ ఆ తువ్వాలు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆవిరి పోయింది. చేతిలోనే చల్లారిపోయింది.

గావో దాన్ని తీసుకున్నాడు. మళ్ళీ వేడినీళ్ళు పోశాడు, మళ్ళీ పిండాడు, మళ్ళీ అతని చేతిలో పెట్టాడు.

ఈసారి ఒట్మార్ తుడుచుకున్నాడు. వేడికి కరిగిన పసుపు ఆ తెల్లగుడ్డకి అంటింది. ఆ రంగు నీళ్ళకి పోదని, మేం ఇంటికి పట్టుకెళ్ళి ఉతికి తెస్తామని నేను చెప్పబోయాను. గావో అప్పటికే దాన్ని ఒట్మార్ చేతిలోంచి తీసుకుని, చక్కగా దులిపి, కోటు పక్కనే ఆరేశాడు.